తోలుతో కార్డుల పర్సు ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా

ఒంగోలులో మా ఇంటి బాల్కనీలో ఆరేళ్ళుగా తోలు పని చేస్తున్నాను. బతుకుతెరువు వేరే ఉంది, ఇది ఆదివారాలకు పెట్టుకున్న పని. ఈ ఆరేళ్ళలో పాడైన ముక్కలన్నీ ఒక బియ్యం సంచిలో వేసి అటక మీద దాచాను. కొత్తగా నేర్చుకుంటామని వచ్చేవాళ్ళకు ముందు ఆ సంచి దించి చూపిస్తాను. అందులో సగానికి పైగా ముక్కలు కుట్టు రాక పాడైనవి కావు. కత్తి పెట్టకముందు చూసుకోవాల్సింది చూసుకోక పాడైనవి. బట్ట కుట్టేటప్పుడు తప్పు పడితే కుట్టు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. తోలులో ఒకసారి పడిన కన్నం ఇక పూడదు. అందుకే కింద చెప్పిన పద్ధతిలో సూది చేతికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఓపిక పట్టండి.

చేయబోయేది మూడు ముక్కల పర్సు. ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఒక మడత పెట్టిన నోట్లు నాలుగైదు అందులో పడతాయి. మొదటి వస్తువుగా బెల్టు, హ్యాండ్‌బ్యాగు పెట్టుకోవద్దు. బెల్టుకు మీటరు పైన పొడవున్న గట్టి తోలు కావాలి, బ్యాగుకు జిప్పులూ లైనింగూ కావాలి. పర్సు చెడిపోయినా పోయేది అరచేయంత తోలే.

తోలు కొనేటప్పుడు

మన బజార్లలో లెదర్ అని అమ్మేదాంట్లో చాలా భాగం రెక్సిన్. వెనక్కి తిప్పి చూడండి, బట్ట నేత కనిపిస్తే అది రెక్సినే. పైనున్న ప్లాస్టిక్ పూత మన కోస్తా తేమకు కొన్నేళ్ళలోనే పొలుసులు పొలుసులుగా లేచిపోతుంది. దానిమీద కుట్టు సాధన చేసుకోవచ్చుగానీ అంచు రుద్ది నునుపు చేయడం కుదరదు.

అసలు తోలులోనూ రెండు రకాలున్నాయి. క్రోమియం లవణాలతో పదును చేసేది (అంటే పచ్చి చర్మం కుళ్ళకుండా తోలుగా మార్చేది) ఒకటి. ఆ పని త్వరగా అయిపోతుంది, తోలు మెత్తగా ఉంటుంది, నీళ్ళకు ఓర్చుకుంటుంది. బూట్లకూ సోఫాలకూ ఎక్కువగా వాడేది అదే. రెండోది చెట్టు బెరడుతో ఊనిన (పదును చేసిన) తోలు, వ్యాపారులు వెజ్ టాన్ అంటారు. దానికి వారాలు పడుతుంది. దక్షిణాదిలో తంగేడు బెరడుతో ఊని, కరక్కాయతో ముగించిన తోళ్ళు ఒకప్పుడు ‘ఈస్ట్ ఇండియా’ పేరుతో ఇంగ్లండుకు ఓడల్లో వెళ్ళేవి. చెన్నై దుకాణాల్లో ఇప్పటికీ ‘ఇ.ఐ.’ అంటే ఏం కావాలో వాళ్ళకు తెలుస్తుంది. ఇప్పుడు తంగేడు తగ్గి, వాటిల్ అనే చెట్టు బెరడు సారం ఎక్కువగా వాడుతున్నారు. ఉదయగిరి దారిలో పచ్చగా విరగబూసిన తంగేడు కనిపించినప్పుడల్లా, ఆ బెరడుకు అంత చరిత్ర ఉందని గుర్తొచ్చి ఒక్క నిమిషం ఆగుతాను.

మన పర్సుకు కావాల్సింది ఈ బెరడు తోలే. గుర్తుపట్టడం కష్టం కాదు. కోసిన అంచు చూడండి: బెరడు తోలు లోపలిదాకా గోధుమ రంగులో ఉంటుంది, క్రోమ్ తోలు నడుమ చాలాసార్లు నీలం బూడిద ఛాయ కనిపిస్తుంది. గోటితో గట్టిగా నొక్కితే బెరడు తోలు మీద గీత నిలిచిపోతుంది. పూత వేయని చోట నీటి చుక్క వేస్తే పీల్చుకుని ఆ మేర నల్లబడుతుంది. కాల్చి చూడమని కొందరు చెబుతారు. క్రోమ్ తోలు కాల్చిన పొగ పీల్చడం ఒంటికి మంచిది కాదు, ఆ పరీక్ష వదిలేయండి.

మనకు దగ్గరగా మంచి తోలు దొరికేది చెన్నై పెరియమేడులో. నెల్లూరులోనో ఒంగోలులోనో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది సెంట్రల్ స్టేషన్లో, అక్కడినుంచి నడిచిపోయేంత దూరమే. అసలు ఇబ్బంది దుకాణంలోకి వెళ్ళాక మొదలవుతుంది. వాళ్ళు మొత్తం చర్మమే అమ్ముతారు, మనకు కావాల్సింది ముక్క. మేక చర్మం ఒక్కోటి నాలుగు నుంచి ఆరు చదరపు అడుగులు ఉంటుంది. వెనక వైపు అంకె ముద్ర ఉంటుంది, దాన్ని సరిగ్గా చదవడం నేర్చుకోండి. 5 వేసి, దాని భుజాన చిన్నగా 2 ఉంటే అయిదూ రెండు పావులు అని, అంటే అయిదున్నర అడుగులు. నేను మొదటిసారి దాన్ని 5.2 అనుకుని లెక్క కట్టుకుని, బిల్లు చేతికొచ్చాక తేడా చూసి టెన్షన్ పడ్డాను. తప్పు నాదేనని రైల్లో తిరిగి వచ్చేటప్పుడు తోటి ప్రయాణికుడొకాయన చెబితే అర్థమైంది.

మొత్తం చర్మం కొనే ఆలోచన లేకపోతే కోత ముక్కలు అడగండి. కిలోల లెక్కన ఇస్తారు. ముక్క చాలుతుందో లేదో చూడడానికి, అట్టతో కోసిన నమూనాలు (ఎలా కోయాలో కింద చెబుతాను) జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఒక్కో ముక్క మీద ఆనించి చూసుకుని తీసుకోండి. పర్సుకు లెక్క ప్రకారం పట్టేది చదరపు అడుగులో అయిదో వంతు కన్నా తక్కువే.

మందం 1.2 మి.మీ. దగ్గర ఉండాలి. కొలిచే పరికరం అక్కర్లేదు. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., రెండు కార్డులు జోడిస్తే ఒకటిన్నర. తోలును వాటి పక్కన పెట్టి చూస్తే కాస్త పలచగా ఉండాలి. కార్డుల కన్నా మందంగా ఉంటే మూడు పొరలు కలిపాక పర్సు జేబులో ఇటుకలా ఉంటుంది.

ఏమేం కావాలి

నలభై యాభై వస్తువుల కిట్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. నేనూ ఒకటి తెప్పించాను, అందులో ఇప్పటికీ వాడేవి అయిదో ఆరో. విడిగా కొనుక్కోండి: పళ్ళ మధ్య 4 మి.మీ. ఎడం ఉన్న స్టిచింగ్ చిజిల్స్ రెండు (సుత్తితో కొట్టి వరసగా కన్నాలు వేసే పళ్ళ ఉలులు; రెండు పళ్ళది ఒకటి, నాలుగో ఆరో పళ్ళది ఒకటి), మొన మొద్దుగా ఉన్న తోలు సూదులు రెండు, మైనం పట్టించిన 0.8 మి.మీ. పాలిస్టర్ దారం, చెక్క సుత్తి, ఆరె (చెప్పులు కుట్టేవాళ్ళు కన్నం పొడిచే పిడి ఉన్న మొన), బ్లేడు విరుచుకునే పెద్ద కత్తి, స్టీలు స్కేలు. స్కేలు వెనక సన్నటి ఉప్పు కాగితం పట్టీ అతికించండి, కోసేటప్పుడు జారదు. గీత గీయడానికి పిల్లల జామెట్రీ బాక్సులో డివైడర్ చాలు. తోలు సూదులు దొరక్కపోతే మామూలు పెద్ద సూది మొనను ఉప్పు కాగితం మీద రుద్ది మొద్దు చేసుకోండి. పదునైన సూది దారాన్నే చీల్చుకుంటూ పోతుంది.

కొట్టడానికి కింద బరువైన రాయి కావాలి. ప్రకాశం జిల్లాలో దానికి వెతుక్కోనక్కర్లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వంటగట్లకు పరిచేవాళ్ళ దగ్గర అడుగు చదరం ముక్కలు మిగిలిపోతుంటాయి, అడిగితే ఇస్తారు. ఆ రాయి మీద కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక, దానిమీద తోలు. పలక లేకుండా కొడితే చిజిల్ పళ్ళు రాతికి తగిలి మొద్దుబారతాయి. ఇనుప సుత్తి వాడొద్దు, చిజిల్ నెత్తి చితికిపోతుంది.

కొలత, అట్ట

నా మొదటి పర్సు మా బావకోసం చేశాను. కార్డు వెడల్పు 86 మి.మీ. కాబట్టి అటూ ఇటూ రెండేసి కలిపి 90 కోశాను. కుట్టంతా అయ్యాక, అంచులు కూడా రుద్దాక, ఆయన కార్డు పెట్టబోతే దూరలేదు. కుట్టు గీత అంచు నుంచి మూడున్నర మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది, రెండు వైపులా కలిపి ఏడు పోతుంది, మిగిలేది 83. ఇంత చిన్న తీసివేత ముందే చేసుకుని ఉంటే రెండు ఆదివారాలు మిగిలేవి. ఆ పర్సు ఇప్పుడు సంచిలో ఉంది.

కాబట్టి వెడల్పు 100 పెట్టుకోండి. కుట్టు పోను 93 మిగులుతుంది, కార్డు సుఖంగా జారుతుంది. ముక్కల ఎత్తులు: వెనక ముక్క 70, మధ్య ముక్క 52, ముందు ముక్క 40 మి.మీ. కార్డు ఎత్తు 54. కింద కుట్టు మీద అది నిలబడితే మధ్య ముక్క పైన ఆరు మిల్లీమీటర్ల దాకా కనిపిస్తుంది, బొటనవేలితో లాగడానికి అది చాలు.

ఈ కొలతలు నేరుగా తోలు మీద గీయొద్దు. ప్రతి ఇంట్లోనూ పాత శుభలేఖలు కట్టలు కట్టి ఉంటాయి, వాటి అట్ట దళసరిగా, నున్నగా ఉంటుంది. దానిమీద గీసి, కోసి, మూడు అట్ట ముక్కలనూ స్టాప్లర్‌తో కలిపి, మీ కార్డులు పెట్టి చూడండి. లాగి చూడండి. ప్యాంటు జేబులో పెట్టుకుని ఒక రోజు తిరగండి. నచ్చకపోతే మార్చుకోవాల్సిన చోటు ఇదే. నచ్చాక పిన్నులు తీసేస్తే అవే నమూనాలు.

కోత

తోలును రెండు చేతులతో పట్టుకుని నాలుగు వైపులా లాగి చూడండి. ఒక వైపు సాగుతుంది, ఇంకో వైపు అంతగా సాగదు. సాధారణంగా వెన్నెముక వెంబడి గట్టిగా ఉంటుంది, పొట్ట భాగం వదులుగా సాగుతుంది. సాగని దిక్కు పర్సు వెడల్పుకు రావాలి. తిరగేసి కోస్తే ఆరు నెలల్లో పర్సు నోరు వదులై కార్డులు జారిపోతాయి.

దోమకాటు మచ్చలు, ముళ్ళు గీసిన గీతలు ఉన్న చోటును వెనక ముక్కకు వదలండి. కొందరు అవి తప్పుగా చూస్తారు, నాకైతే ఆ ప్రాణి తిరిగిన బీడు అందులో కనిపిస్తుంది.

అట్ట చుట్టూ ఆరె మొనతో మెల్లగా గీయండి. బాల్‌పెన్ను దగ్గరికి రానివ్వొద్దు, బెరడు తోలు మీద ఆ సిరా ఎప్పటికీ పోదు. కత్తికి కొత్త మొన విరవండి. మొదటి గీతలో కోసేయాలని చూడొద్దు. తేలిగ్గా ఒక గీత, అదే దారిలో ఇంకోటి, మూడోదానికి తెగుతుంది. కత్తి వచ్చే దారిలో ఎడమచేతి వేళ్ళు ఉంచకండి.

అతికించేముందు ఒక పని

మధ్య ముక్క, ముందు ముక్క పై అంచులను ఇప్పుడే నునుపు చేసుకోవాలి. అతికించాక అక్కడ చెయ్యి ఆడదు. ఎలా రుద్దాలో కింద అంచుల దగ్గర చెప్పాను, అది చదివి వచ్చి ఈ రెండు అంచులూ పూర్తి చేయండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ ఒక్కసారైనా మర్చిపోయింది ఇదే.

తర్వాత సొల్యూషన్. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే ఆ పసుపు జిగురే. అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల మేర, ఎడమ, కుడి, కింది వైపుల్లో మాత్రమే రాయాలి. నున్నటి వైపు అతుక్కోవాల్సి వచ్చిన చోట ఆ పట్టీని ఉప్పు కాగితంతో కాస్త గరుకు చేయండి, లేకపోతే పట్టు దొరకదు. రెండు ముక్కలకూ పలచగా రాసి, వేలికి అంటని దాకా ఆరనివ్వండి. మామూలు రోజుల్లో పది నిమిషాలు పడుతుంది. రోహిణి కార్తెలో మాకు నాలుగైదు నిమిషాలకే ఆరిపోతుంది, గడియారాన్ని నమ్మకుండా వేలితో చూసుకోండి. ఆనించాక జరపడం కుదరదు, కింది మూల కలిపి మెల్లగా పైకి నొక్కుకుంటూ రండి. కిటికీలు తెరిచి ఉంచండి. ఆ ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది, పొయ్యి వెలుగుతున్న గదిలో ఈ పని వద్దు.

ఆరాక మూడు వైపులా అంచులు ఒకే మట్టానికి వచ్చేలా కత్తితో సన్నగా చెక్కి, ఉప్పు కాగితం వేయండి.

కన్నాలు

డివైడర్‌ను మూడున్నర మిల్లీమీటర్లకు తెరిచి, ఒక కాలు అంచుమీద నడిపిస్తూ ఇంకో కాలితో గీత గీయండి. ఆ గీతమీద చిజిల్‌ను చేత్తో నొక్కి గుర్తులు మాత్రం వేసుకోండి. ఇంకా కొట్టొద్దు. గుర్తులు రెండు మూలల దగ్గరికీ సరిగ్గా వస్తున్నాయా చూడండి. ఒక మిల్లీమీటరు తేడా వస్తే దాన్ని ఏడెనిమిది కుట్లకు పంచేయండి, కంటికి కనిపించదు. మూలలో ఒకేచోట సర్దబోతే దూరం నుంచే తెలుస్తుంది.

జేబు నోరు మొదలయ్యే చోటు ముఖ్యం. కన్నం సరిగ్గా ఆ అంచుమీద పడకూడదు. ఒక కన్నం అంచుకు కింద, ఇంకోటి అంచు దాటి పైన పడాలి, అప్పుడు దారం అంచును చుట్టుకుని పట్టుకుంటుంది. కార్డు తీసి పెట్టినప్పుడల్లా లాగుడు పడేది అక్కడే.

ఇప్పుడు కొట్టండి. చిజిల్ నిటారుగా ఉండాలి. కాస్త వాలినా ముందు వైపు గీత తిన్నగా, వెనక వైపు వంకరగా వస్తుంది. మూడుసార్లు కొట్టగానే తిప్పి వెనక చూసుకోండి. తర్వాతి దెబ్బకు మొదటి పన్నును పాత చివరి కన్నంలో ఉంచితే ఎడం తప్పదు. చిజిల్ ఇరుక్కుంటే అటూ ఇటూ ఊపొద్దు, తోలును పలక మీద అదిమి పట్టి నిలువుగా లాగండి. దెబ్బకు ముందు పళ్ళను తేనె మైనంలో ఒకసారి గుచ్చితే ఇరుక్కోవడం తగ్గుతుంది.

ఈ కొట్టుడు గురించి కూడా చెప్పాలి. మేముండేది రెండో అంతస్తు. ఒక రోజు కింది ఇంటి ఆమె పైకొచ్చి, “అన్నా, మా పాపకు ఇంటర్ పరీక్షలు. ఆ చప్పుడు నేరుగా తల మీద పడతా ఉంది” అంది. ఆమె ముఖం చూస్తే నాకు బాధేసింది. అప్పటినుంచి రాయి కింద నాలుగు మడతల గోనె సంచి వేస్తున్నాను. గది మధ్యలో కాకుండా పిల్లర్ పక్కన కూర్చుంటున్నాను. చప్పుడు చాలా తగ్గింది. పరీక్షల రోజుల్లో మాత్రం అసలు కొట్టను, గుర్తులు వేసుకుని ఆరెతో పొడుచుకుంటాను.

ఆరె పట్టడం నేర్చుకున్నది బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర. వీడియోలు చూసి నెలరోజులు తంటాలు పడ్డాక ఆయన దగ్గరికి వెళ్ళాను. నా చేతిలో ఆరె చూసి ఆయన మొదట అన్నమాట, “పొడవబాక అబ్బయా. ఆనించి నెట్టు.” ఆయన పిడిని వేళ్ళతో పట్టుకోలేదు. అరచేతి గుంటలో కుదురుగా పెట్టుకుని, చూపుడు వేలును ఇనుము వెంబడి మొన దాకా చాపాడు. సబ్బు ముక్కలో ఒకసారి గుచ్చి తీశాడు. తోలు వెనక తన వేలు కాకుండా అరిగిపోయిన హవాయి చెప్పు ముక్క ఆనించాడు. భుజం కదల్లేదు, మణికట్టు మాత్రం ఇంత ముందుకు వంగింది, మొన అవతల రబ్బరులో దిగిన చిన్న చప్పుడు వినిపించింది. అంతే. ఆ గంటకు ఆయన మామూలుగా సంపాదించేదానికి తగ్గకుండా డబ్బు ఇచ్చాను. మీరూ అలాంటి చేతుల దగ్గర నేర్చుకుంటే అడగకుండానే ఇవ్వండి. ఈ పని తరతరాలుగా చేసినవాళ్ళను సమాజం ఊరు చివర ఉంచింది. వాళ్ళ విద్య మనకు సరదాగా ఊరికే రాకూడదు.

మా అమ్మ మొదట్లో “ఆ తోలు ఇంట్లోకి తేబాకురా” అని గట్టిగానే అంది. గుళ్ళో వాయించే మృదంగానికి కట్టింది కూడా తోలే కదమ్మా అని చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు. బాల్కనీలో చోటు ఇచ్చింది. మూడో ఏడాది తన కళ్ళజోడుకు ఒక కవరు కుట్టమని తనే అడిగింది.

కుట్టు

మిషను కుట్టులో పైదారం, కిందదారం ఒకదానికొకటి మెలిక పడతాయి. ఒకటి తెగితే వరస ఊడిపోతుంది. మనం వేసే శాడిల్ స్టిచ్‌లో ఒకే దారం, రెండు కొసలకు రెండు సూదులు. ప్రతి కన్నంలోంచీ రెండూ అటూ ఇటూ పోతాయి. ఒక చోట తెగినా రెండో వైపు పట్టుకుని ఉంటుంది.

కుట్టు పొడవు సుమారు 20 సెం.మీ. దానికి నాలుగింతలు, పైన సూదులకు ఇంకో 20, మొత్తం మీటరు దారం తీసుకోండి. తక్కువ తీసుకుని చివరి నాలుగు కన్నాల దగ్గర దారం చాలకపోతే కలిగే చిరాకు ఇంతా అంతా కాదు. దారాన్ని సూది బెజ్జంలోకి ఎక్కించి, కొస దగ్గర దారంలోంచే సూదిని ఒకసారి గుచ్చి లాగితే ఊడిరాదు.

పర్సును రెండు మోకాళ్ళ మధ్య పట్టుకోండి, లేదా రెండు చెక్క పలకల మధ్య క్లాంపుతో బిగించండి. నోరు దాటిన పై కన్నంలోంచి మొదలుపెట్టి, దారం రెండు వైపులా సమంగా ఉండేలా లాగండి. తర్వాతి కన్నంలో ముందు ఎడమ సూది దూర్చి లాగండి. ఆ దారాన్ని కాస్త వెనక్కి లాగి పట్టుకుని, అదే కన్నంలో దాని కింది పక్కనుంచి కుడి సూది దూర్చండి. రెండో సూది పూర్తిగా బయటికి రాకముందే మొదటి దారాన్ని ఒకసారి ఆడించి చూడండి. ఆడకపోతే సూది దారాన్ని గుచ్చింది, వెనక్కి తీసి మళ్ళీ దూర్చండి. ఆడితే రెండు చేతులతో ఒకే బలంతో లాగండి. దారం తోలులో కాస్త కుదురుకోవాలి, తోలు ముడత పడకూడదు.

ఎడమ ముందా కుడి ముందా, కింది పక్కనా పై పక్కనా అన్నది మీ ఇష్టం. చివరి కన్నం దాకా అదే వరస ఉండాలి. మధ్యలో ఫోన్ మోగి లేచి వచ్చాక వరస మారిపోవడం నాకు ఎన్నోసార్లు జరిగింది. అక్కడినుంచి కుట్టు వాలు మారుతుంది, చూపు అక్కడే ఆగుతుంది. కుట్టుకు కూర్చునేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో పెట్టండి.

జేబు నోళ్ళ దగ్గర దారాన్ని రెండుసార్లు తిప్పండి. చివరికి వచ్చాక వెనక్కి రెండు మూడు కుట్లు వేసి, రెండు కొసలూ పర్సు వెనక వైపుకు తెచ్చి, రెండు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి. లైటర్‌తో ఒక్క క్షణం చూపిస్తే పాలిస్టర్ కరిగి ముద్దవుతుంది, వెంటనే నొక్కేయండి. మంట తోలుకు తగలకూడదు. చివరగా కుట్టు మీద సుత్తితో మెల్లగా తట్టండి, దారం చదునుగా కూర్చుంటుంది.

అంచులు

ముందు మధ్యరకం ఉప్పు కాగితం, తర్వాత సన్నది, తర్వాత ఇంకా సన్నది (220, 400, 600 నంబర్లు). మూడు పొరలూ ఒకే పొరలా కనిపించేదాకా రుద్దండి. తర్వాత తడి వేలితో అంచును కాస్త తేమ చేసి, నున్నటి గట్టి చెక్కతో వేడి పుట్టేలా రుద్దాలి. దీనికి నేను వాడేది ఉదయగిరి చెక్క గరిటె కాడ. అక్కడి పనివాళ్ళు దాన్ని ఎంత నున్నగా తీర్చుతారంటే అంగడిలో కొన్న స్లికర్ (అంచు రుద్దే చెక్క) దానికి సాటి రాలేదు. నాలుగు నిమిషాలు రుద్దేసరికి పీచుగా ఉన్న అంచు ముదురు గోధుమ రంగులోకి తిరిగి, గాజులా మెరుస్తుంది. ఆపైన తేనె మైనం రాసి, గుడ్డతో ఇంకోసారి రుద్దండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. చేతులు నొప్పెట్టేదాకా తెలియదు. క్రోమ్ తోలు ఇలా మెరవదు, దానికి అంచు రంగులు వేసుకోవాల్సిందే.

నల్ల మచ్చలు, బూజు

పని చేస్తుండగా తోలు మీద ఉన్నట్టుండి నీలినలుపు చుక్కలు లేస్తాయి. మురికి అనుకుని తుడుస్తారు, పోవు. అది ఇనుము చేసే పని. బెరడులోని వగరు, ఇనుము, తడి మూడూ కలిస్తే నల్లరంగు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, బెల్లంతో నానబెట్టిన ఇనుప తుక్కు నీళ్ళతో నలుపు గీసేది ఇదే గుణంతో. చెమట చేత్తో స్టీలు స్కేలు పట్టుకుని తోలు మీద ఆనించినా చాలు. మే నెలలో పక్కన తువ్వాలు పెట్టుకోండి, స్కేలు తుడిచి వాడండి. మచ్చ పడితే నిమ్మరసంలో సమంగా నీళ్ళు కలిపి దూదితో అద్దండి, చాలావరకు తేలిపోతుంది. తర్వాత ముక్క మొత్తాన్ని తడిగుడ్డతో తుడవండి, లేకపోతే అద్దిన చోటు వేరే రంగులో మిగులుతుంది. గూడూరు నిమ్మకాయలు పండే జిల్లాల్లో ఉన్నాం, మందుకు కొదవ లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే బీరువాలో తోలుకు తెల్లగా బూజు వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే ఇంకా త్వరగా వస్తుంది. పాత పంచె ముక్కలో చుట్టి, గాలి తగిలే అర మీద పెట్టండి. బూజు వచ్చిందంటే బయటికి తీసుకెళ్ళి పొడిగుడ్డతో తుడిచి, వెనిగర్‌లో సమంగా నీళ్ళు కలిపి తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే గట్టిపడి పగులుతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె దట్టంగా పట్టించొద్దు, తోలు నల్లబడి కొన్నాళ్ళకు ముక్కిపోయిన వాసన వస్తుంది.

పర్సు తయారయ్యాక

చూసినవాళ్ళు నాకూ ఒకటి అంటారు. ఫుట్‌పాత్ మీద రెండొందలకు దొరుకుతుంది కదా అని కూడా అంటారు. మొదటి పర్సుకు నాకు పదకొండు గంటలు పట్టింది, ఇప్పుడు ఆరు పడుతుంది. ఆ గంటలు వాళ్ళకు కనిపించవు. అలాంటప్పుడు నేను నొచ్చుకోవడం మానేసి, ఒక ఆదివారం వచ్చి పక్కన కూర్చోమంటాను. మా బావ అలాగే వచ్చాడు. అంచు రుద్దే పని ఆయన చేతికిచ్చాను. సాయంత్రం దాకా లేవలేదు.

మొదటి పర్సు మీరే వాడండి. నెల తర్వాత చూస్తే ఎక్కడ వదులైందో, ఏ కుట్టు లాగుతోందో, ఏ కార్డు తీయడానికి ఇబ్బందిగా ఉందో తెలుస్తుంది. శుభలేఖ అట్టల వెనక ఆ తేదీ వేసి, మార్చాల్సిన కొలత పెన్సిల్‌తో రాసి, అట్టలు మూడూ ఒక రబ్బరు బ్యాండు వేసి ఆరె పక్కనే ఉంచండి.